రేచల్ కార్సన్ చదివాక మిగిలిన ప్రశ్న: విషాన్ని మనం ‘మందు’ అని ఎందుకు అంటున్నాం?

వానకోవెల
శనివారం, ఉదయం 6.50

పురుగుమందుల మీద అమెరికా రచయిత్రి రేచల్ కార్సన్ రాసిన ‘సైలెంట్ స్ప్రింగ్’ (1962) నిన్న రాత్రి పూర్తి చేశాను. రోజుకు నాలుగైదు పేజీల చొప్పున మూడు నెలలు పట్టింది. పర్యావరణ ఉద్యమానికి పునాది వేసిన పుస్తకం అని అందరూ అంటారు కాబట్టి నినాదాలతో నిండి ఉంటుందనుకున్నాను. మొదటి అధ్యాయంలో పిట్టల కూత ఆగిపోయిన ఊరి కల్పిత కథ ఒక్కటి పక్కన పెడితే, మిగతాదంతా ఓపికగా కూడబెట్టిన సాక్ష్యం. చివర 50 పేజీలకు పైగా ఆధారాల పట్టికే ఉంది.

మూడో అధ్యాయంలో ఒకచోట ఆగిపోయాను. పారాథియాన్ అనే పురుగుమందు వల్ల 1958లో భారతదేశంలో వందమంది చనిపోయారని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతారు. ఆ వందమంది ఎవరో తెలుసుకోకుండా పుస్తకం మూయబుద్ధి కాలేదు. అది కేరళలో జరిగింది. గోధుమపిండిని, ఫాలిడాల్ అనే పారాథియాన్ సరుకును ఒకే ఓడలో తెచ్చారు. సీసాలు పగిలి మందు పిండిలోకి చేరింది. ఆ పిండి తిన్నవాళ్లలో వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. కార్సన్ ఈ పుస్తకం పని మొదలుపెట్టింది కూడా ఆ 1958లోనే.

ఇంకో మాట. వీటిని కీటకనాశకాలు అనకూడదు, ప్రాణనాశకాలు అనాలి అంటారామె. పురుగును చంపేది పురుగు దగ్గరే ఆగదు కాబట్టి. అది చదివినప్పుడు మన మాట గుర్తొచ్చింది. మనం ‘మందు’ అంటాం. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. ఆమె పుస్తకం అమెరికాలో చట్టాలనే కదిలించింది. మన దగ్గర ఒక మాటను కూడా కదిలించలేకపోయిందా? చదివినవాళ్లు, పొలంతో పరిచయం ఉన్నవాళ్లు చెప్పండి.


అలెఘెనీగట్టు
శనివారం, ఉదయం 9.15

వానకోవెల గారూ, ఈ చర్చ మొదలుపెట్టినందుకు సంతోషం. నేను పదకొండేళ్లుగా పిట్స్‌బర్గ్‌లో ఉంటున్నాను. ఇక్కడి పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడికి ఎక్కడెక్కడి నుంచో తెలుగువాళ్లు వస్తారు. రేచల్ కార్సన్ పుట్టిన ఇల్లు ఆ గుడికి అంత దగ్గర్లోనే ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు. అలెఘెనీ నది ఒడ్డున స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊరు. 1907 మే 27న అక్కడ పుట్టారు. ఆ చెక్క ఇంటిని ఇప్పటికీ కాపాడుతున్నారు. పిట్స్‌బర్గ్‌లో అదే నది మీద ఉన్న ఒక వంతెనకు 2006లో ఆమె పేరు పెట్టారు.

నన్ను కదిలించే సంగతి వేరే ఉంది. సముద్రం గురించి ప్రపంచానికి అంత గొప్పగా చెప్పిన మనిషి ఇరవై రెండేళ్లు వచ్చేదాకా సముద్రాన్ని చూడలేదు. ఇది సముద్రం లేని ప్రాంతం. కాలేజీలో ఇంగ్లిషు సాహిత్యం చదువుదామని చేరి, మేరీ స్కింకర్ అనే జీవశాస్త్ర అధ్యాపకురాలి పాఠాలు విని జీవశాస్త్రానికి మారారు. 1929 వేసవిలో వుడ్స్ హోల్ పరిశోధన కేంద్రానికి వెళ్లినప్పుడు తొలిసారి సముద్రం చూశారు. 1932లో జాన్స్ హాప్కిన్స్‌లో జంతుశాస్త్రంలో మాస్టర్స్ డిగ్రీ పూర్తిచేశారు. ఇంటి భారం మీద పడి 1934లో పీహెచ్‌డీ ఆశ వదులుకుని, మరుసటి ఏడాది తండ్రి కూడా పోయాక ప్రభుత్వ మత్స్యశాఖలో రేడియో ప్రసంగాలు రాసే పనికి కుదిరారు. చేపల గురించి శ్రోతలకు విసుగు పుట్టకుండా రాయడం, ప్రభుత్వంలో అదే ఆమె తొలి కొలువు. ఆ రాతలే ఆమెను రచయిత్రిని చేశాయి.


పాతపిచికారి
శనివారం, ఉదయం 11.30

నేను ఈ పుస్తకం చదవలేదు. కానీ అందులో తప్పుపట్టిన డీడీటీ అనే పురుగుమందు గురించి మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటున్నాను. మలేరియా శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం ఏజెన్సీ ఊళ్లలోనే గడిచింది. డీడీటీ పొడి నీళ్లలో కలిపి, స్టిరప్ పంపుతో ఇంటి గోడలకు కొట్టి, తలుపు మీద తేదీ రాసి వచ్చేవాళ్లం. ఏడాదికి రెండు విడతలు.

మా అమ్మకు ఇద్దరు తమ్ముళ్లు చలిజ్వరంతో పోయారు. పెద్దవాడికి తొమ్మిదేళ్లు. ఆ రోజుల్లో అది వింత కాదు. 1953లో దేశవ్యాప్త మలేరియా కార్యక్రమం మొదలయ్యేనాటికి ఏడాదికి ఏడున్నర కోట్లమందికి జ్వరం, ఎనిమిది లక్షల మరణాలు అని మాకు శిక్షణలో చెప్పేవారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. దింపింది డీడీటీ. అది పురుగులను చంపుతుందని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు.

పిట్టల కోసం రాసిన ఒక పుస్తకం వల్ల ఆ మందును నిషేధించారనీ, ఆఫ్రికాలో లక్షలమంది పిల్లలు చనిపోయారనీ చదివాను. పిట్టలంటే నాకూ ఇష్టమే. కానీ ఆ ఇద్దరు పిల్లల పేర్లు మా అమ్మ చనిపోయేదాకా తలుచుకుంటూనే ఉంది. నా మాట మీకు కటువుగా అనిపిస్తే క్షమించండి.


వానకోవెల
శనివారం, మధ్యాహ్నం 12.05

పాతపిచికారి గారూ, కటువుగా లేదండీ. మీరు చెప్పకపోతే ఈ చర్చకు అర్థమే లేదు. మీ ప్రశ్నకు నాకంటే రసాయనం గారు బాగా చెప్పగలరు.


రసాయనం
శనివారం, మధ్యాహ్నం 2.40

పాతపిచికారి గారికి నమస్కారం. పురుగుమందుల నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో చాలాకాలం పనిచేశాను. మీరు చదివిన ఆరోపణ చాలాచోట్ల తిరుగుతోంది. దాన్ని నేను నిజాయితీగా పరిశీలించాను, నిలబడలేదు.

అమెరికా 1972 జూన్‌లో ఆపింది తమ దేశంలో పంటల మీద డీడీటీ వాడకాన్ని. ఆరోగ్య అవసరాలకు మినహాయింపు ఉంది, ఎగుమతి కోసం తయారీ కూడా ఆ తర్వాత సాగింది. మన దేశంలో వ్యవసాయానికి ఆపింది 1989లో. మలేరియా కోసం గోడలకు కొట్టడం ఆగలేదు, ఆ తర్వాత కూడా మీ శాఖే కొట్టింది. చాలాకాలం నిలిచే విషాలను అరికట్టడానికి దేశాలు చేసుకున్న 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందంలో కూడా రోగాలు మోసే దోమల కోసం డీడీటీకి చోటు ఉంచారు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ల లోపల గోడలకు కొట్టే పద్ధతిని మళ్లీ గట్టిగా సమర్థించింది. కార్సన్ పుస్తకం గోడ మీది డీడీటీని ఎక్కడా ఆపలేదు.

ఇక ఆమె ఏమన్నారో చూడండి. రసాయన మందులు ఎప్పుడూ వాడకూడదని నా వాదన కాదు అని పుస్తకంలోనే స్పష్టంగా రాశారు. ప్రభావం తెలియని మనుషుల చేతుల్లో, విచక్షణ లేకుండా పెట్టామన్నది ఆమె అభ్యంతరం. పదహారో అధ్యాయం మొత్తం నిరోధకత గురించే, అంటే మందుకు పురుగు తట్టుకుని నిలబడటం గురించే. ఎంత ఎక్కువ కొడితే అంత త్వరగా మందు పనికిరాకుండా పోతుంది, రోగాలను అదుపు చేసే ఆయుధం చేజారుతుంది అని హెచ్చరించారు. వీలైనంత తక్కువ కొట్టండి అన్న డచ్చి శాస్త్రవేత్త సలహాను ఉదాహరించారు.

మీరు చెప్పిన అంకెలకు తర్వాతి అంకె కూడా మీకు తెలుసు. 1965లో లక్ష. 1976లో 64 లక్షలు. అప్పటికి మన దేశంలో డీడీటీపై ఏ నిషేధమూ లేదు. కార్యక్రమంలో అలసత్వం, నిధుల కొరత వంటి కారణాలు చాలా ఉన్నాయి. కానీ పల్లెల్లో మలేరియా మోసే ప్రధాన దోమ డీడీటీకి లొంగకపోవడం వాటిలో పెద్దది. అదే డీడీటీని పొలాల్లో టన్నులకొద్దీ చల్లడం ఆ నిరోధకతకు తోడయింది. ఆ రకంగా ఆమె పుస్తకం మీ పక్షానే ఉందని నా అభిప్రాయం.

ఆమె తప్పుల గురించి కూడా చెప్పాలి. క్యాన్సర్ గురించిన అధ్యాయంలో అప్పటి ఆధారాలు మోయగలిగినదానికంటే బరువైన మాటలు కొన్ని వాడారని నాకు అనిపిస్తుంది. డీడీటీని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న పదార్థాల జాబితాలోకి అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మార్చింది 2015లో.


చిట్టడవి
శనివారం, మధ్యాహ్నం 3.20

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, పుస్తకం చదవలేదు. పిట్టలకు డీడీటీ ఎలా చేరిందో ఎవరైనా వివరంగా చెబుతారా? పిట్టల మీద ఎవరూ చల్లలేదు కదా?


వానకోవెల
శనివారం, సాయంత్రం 5.10

చిట్టడవి, ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే, కొంచెం తీరిగ్గా చెబుతాను.

మిషిగన్ రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం. ఆవరణ నిండా ఎల్మ్ చెట్లు. వాటికి ఒక తెగులు వచ్చింది, దాన్ని మోసేది బెరడు పురుగు. ఆ పురుగును చంపడానికి 1954లో డీడీటీ కొట్టడం మొదలుపెట్టారు. అక్కడి రాబిన్ పిట్ట మన గోరువంకంత ఉంటుంది, ఛాతీ ఇటుక రంగు. చలికాలం పోయిందని అక్కడివాళ్లకు కబురు తెచ్చేది ఆ పిట్టే. మనకు వసంతమంటే కోయిల ఎలాగో అలాగ. మొదటి ఏడాది ఏమీ కాలేదు. మరుసటి వసంతంలో వచ్చిన రాబిన్లు వణుకుతూ, గిలగిలా కొట్టుకుంటూ చనిపోవడం మొదలైంది. మందు కొట్టింది చెట్లకు, వాటికి కాదు. మరి ఎలా?

జార్జ్ వాలెస్ అనే పక్షిశాస్త్ర ఆచార్యుడు, రాయ్ బార్కర్ అనే కీటకశాస్త్రవేత్త ఈ ముడి విప్పారు. ఆకులకు పట్టిన మందు వానకు పోలేదు. ఆకురాలు కాలంలో ఆకులతోపాటు నేల మీదకు వచ్చింది. ఆ ఆకులు తిన్న వానపాములు చావకుండా మందును ఒంట్లో దాచుకున్నాయి. చలికాలం గడిచాక రాబిన్ వచ్చి ఆ వానపాములు తిన్నది. పదకొండు పెద్ద వానపాములు చాలు, ఒక రాబిన్ చావుకు సరిపడా డీడీటీ చేరడానికి. పదకొండు వానపాములంటే ఆ పిట్టకు కొన్ని నిమిషాల తిండి.

ఆకు, వానపాము, పిట్ట. కార్సన్ ఈ మూడింటినీ ఒక్కొక్క మెట్టుగా దించుతూ చెబుతారు, పెద్ద గొంతుతో ఒక్క మాట ఉండదు. కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అనే సరస్సు కథ కూడా అలాంటిదే. నీళ్లలో ఏడు కోట్ల వంతుల్లో ఒక వంతు మందు. నీళ్లలో తేలే ప్లవకాలనే సూక్ష్మజీవుల నుంచి చేపలకు, చేపల నుంచి గ్రీబ్ అనే నీటిపక్షికి వచ్చేసరికి దాని కొవ్వులో పదిలక్షల వంతుల్లో 1600 వంతులు. నీళ్లు పరీక్షిస్తే మందు పోయిందనే తేలింది. పోలేదు, ఆ సరస్సులో బతికే ప్రాణుల ఒంట్లోకి మారింది.

ఆహారపు గొలుసు అనే మాట శాస్త్రవేత్తలకు అంతకుముందే తెలుసు. మామూలు ఇల్లాలికి, పత్రిక చదివే గుమాస్తాకు అది తమ కంచం దాకా వచ్చే గొలుసని చూపించింది ఈమె. అక్కడే ఉద్యమం పుట్టిందని నా నమ్మకం.


పత్తిచేను
శనివారం, రాత్రి 9.45

పగలంతా చేలో ఉండి ఇప్పుడే చూశాను. మాది పాత వరంగల్ జిల్లా. వానకోవెల గారి మొదటి ప్రశ్నకు నేను చెప్పగలిగింది చెబుతాను.

మందు అనే మాట మాకు దుకాణం నుంచి వచ్చింది. చేనుకు తెగులు వచ్చిందని వెళితే, రోగికి చీటీ రాసినట్టే రాసి ఇచ్చేవారు. ‘ఇది కొట్టు, వారంలో తేలికపడుతుంది.’ అప్పు మీద ఇచ్చేవారు, పంట వచ్చాక కట్టాలి. 1997లో పత్తి మీద లద్దె పురుగు పడ్డప్పుడు నాకు పదహారేళ్లు. పొద్దున కొట్టిన చేనులో సాయంత్రం పురుగులు బతికే తిరిగేవి. రెండు మూడు రకాలు కలిపి కొట్టాం. వారానికి రెండుసార్లు కొట్టాం. పంపు వీపు మీద కారి చొక్కా తడిసేది. ముఖానికి తువ్వాలు తప్ప ఏమీ ఉండేది కాదు. ఒకరోజు మా నాన్న గట్టు మీద కూలిపోయాడు. నోట్లోంచి చొంగ, కనుపాప సూదిమొనంత అయిపోయింది. ఎడ్లబండి మీద వేసుకుని పోయాం. సూది మీద సూది ఇచ్చి బతికించారు. ఆ ఏడాది మా చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో రైతులు ఆ పురుగుమందే తాగి పోయారు. పురుగులు మాత్రం చావలేదు.

పురుగు చావని మందు మనిషిని చంపింది. కార్సన్ గారు చెప్పిన ప్రాణనాశకం అనే మాట ఆనాడు మా ఊళ్లో ఎవరైనా అని ఉంటే మాకు అర్థమయ్యేదే.

ఒక మార్పు మాత్రం నా కళ్లతో చూశాను. 2000 తర్వాత ఖమ్మం జిల్లా పునుకుల ఊరివాళ్లు పురుగుమందు లేకుండా పత్తి పండిస్తున్నారని విని, మా ఊరి నుంచి ఆరుగురం వెళ్లాం. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, చేను చుట్టూ ఆముదం, మధ్యలో బంతి, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, పిట్టలు వాలడానికి కర్రలు పాతడం. ఆ కర్రల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అప్పటిదాకా పిట్ట అంటే జొన్నకంకి తినే దొంగ అనుకునేవాణ్ని. అది లద్దె పురుగును ఏరుకుని తింటుంటే చూశాను. ఆ ఊరి ఆడవాళ్లు ఒక మాట అన్నారు: మందు కొట్టడం మానేశామని కాదు, విషం మానేశామని చెప్పమన్నారు. మాట మారింది వానకోవెల గారూ. అన్ని ఊళ్లలో కాదు, కొన్ని ఊళ్లలో.


రసాయనం
శనివారం, రాత్రి 10.30

పత్తిచేను గారూ, మీ నాన్నగారికి ఇచ్చిన సూది అట్రోపిన్ అనే విరుగుడు అయి ఉంటుంది. చొంగ, సూదిమొనంత కనుపాప, ఇవి ఆర్గానోఫాస్ఫేట్ మందుల, అంటే పారాథియాన్ కుటుంబం మందుల విషలక్షణాలు. నరం నుంచి కండరానికి సందేశం చేరాక దాన్ని ఆపివేసే ఎంజైము ఒకటుంటుంది. ఈ మందులు దాన్ని బంధిస్తాయి. ఇక సందేశం ఆగదు, శరీరమంతా ఒకేసారి పట్టుతప్పుతుంది.

నన్ను వేధించే సంగతి ఇక్కడే ఉంది. డీడీటీ నేలలో, కొవ్వులో ఏళ్ల తరబడి ఉంటుంది, కానీ కొట్టే మనిషిని అక్కడికక్కడ పడగొట్టేంత తీవ్రమైనది కాదు. దాని స్థానంలోకి వచ్చిన పారాథియాన్, మోనోక్రోటోఫాస్ వంటివి నేలలో త్వరగా విడిపోతాయి, కొట్టే మనిషిని మాత్రం ఆ పూటే పడగొడతాయి. పిట్టకు తగ్గిన ప్రమాదం కూలీ వీపు మీదకు మారింది. దీనికి కార్సన్‌ను తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. కానీ మూడో అధ్యాయంలో ఆమె రెండు కుటుంబాల మందులనూ పక్కపక్కన పెట్టి, రెండోది ఎంత భయంకరమో సవివరంగా చెప్పారు. కేరళ వందమంది వచ్చింది ఆ భాగంలోనే. చట్టాలు చేసినవాళ్లు ఆమె పుస్తకంలో సగమే చదివారని నాకు బాధ.


మిణుగురు
ఆదివారం, ఉదయం 8.00

న్యాయశాస్త్రం చదివినవాణ్ని కాబట్టి ఆ వైపు నుంచి కొంత రాస్తాను.

కేరళ ఘటనపై ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. ఆ దారిలోనే పదేళ్లకు మన 1968 కీటకనాశినుల చట్టం వచ్చింది. అంటే మన చట్టం పుట్టుక కార్సన్ పుస్తకంలో లేదు, ఆమె ఒక్క వాక్యంలో చెప్పిన ఆ చావుల్లోనే ఉంది. ఇది మనం మరచిపోకూడదు.

అమెరికాలో వరుస ఇలా సాగింది. 1962 జూన్‌లో ‘న్యూయార్కర్’ పత్రికలో ధారావాహికగా రావడం మొదలైంది, సెప్టెంబరు 27న పుస్తకంగా వచ్చింది. ఆగస్టులోనే విలేకరుల సమావేశంలో అధ్యక్షుడు కెనెడీని దీని గురించి అడిగారు. ఆయన శాస్త్ర సలహా సంఘం విచారించి 1963 మేలో నివేదిక ఇచ్చింది, చాలావరకు ఆమె మాటనే బలపరిచింది. జూన్‌లో ఆమె సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చారు. 1964 ఏప్రిల్ 14న చనిపోయారు. ఆ తర్వాత జరిగిందే అసలు పని. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో కొందరు శాస్త్రవేత్తలు డీడీటీ మీద కోర్టుకెళ్లి, 1967లో పర్యావరణ రక్షణ నిధి అనే సంస్థ స్థాపించారు. 1970 డిసెంబరులో పర్యావరణ పరిరక్షణ సంస్థ వచ్చింది. పురుగుమందుల అనుమతి అధికారం వ్యవసాయ శాఖ చేతుల్లోంచి దానికి మారింది. 1972లో డీడీటీ నిర్ణయం తీసుకున్నది అదే.

ఇందులో నేను కీలకంగా చూసేది ఆ అధికారం మారడం. పంట దిగుబడి పెంచడమే పనిగా ఉన్న శాఖే పురుగుమందు మంచిదో కాదో తేల్చడం తప్పని ఆమె వాదన. భరించక తప్పని వాళ్లకు తెలుసుకునే హక్కు ఉంటుందన్న ఫ్రెంచి జీవశాస్త్రవేత్త జాన్ రోస్టాండ్ మాటను ఆమె పుస్తకంలో ఎత్తి చూపారు. నా దృష్టిలో ఆమె ప్రభావం పిట్టలకంటే ఈ హక్కు మీదే ఎక్కువ.

అయితే ఒక్క పుస్తకమే ఉద్యమాన్ని పుట్టించిందనే మాటతో నాకు పేచీ ఉంది. 1969లో శాంటా బార్బరా తీరంలో చమురు ఒలికింది, ఒహాయోలో కయహోగా నది మీద మంటలు లేచాయి. ఊళ్ల నిండా కర్మాగారాల పొగ. 1970 ఏప్రిల్ 22న తొలి ధరిత్రీ దినోత్సవానికి వీధుల్లోకి వచ్చిన జనంలో అందరూ ఆమెను చదివినవాళ్లు కారు.


వానకోవెల
ఆదివారం, ఉదయం 10.20

మిణుగురు గారూ, ఒప్పుకుంటాను, ఒక్క పుస్తకం అన్న మాట నాదీ కాదు. పుస్తకానికి ముందే ఎందరో ఉన్నారు. 1957లో లాంగ్ ఐలండ్‌లో విమానాలతో డీడీటీ చల్లడాన్ని ఆపమని కోర్టుకెక్కినవాళ్లు ఓడిపోయారు, కానీ వాళ్లు కూడబెట్టిన కాగితాలు కార్సన్‌కు చేరాయి. 1958 జనవరిలో మసాచుసెట్స్ నుంచి ఓల్గా హకిన్స్ రాసిన ఉత్తరంలో, దోమల కోసం విమానం చల్లిన మందుకు తన పెరట్లో పిట్టలు ఎలా చచ్చిపడ్డాయో ఉంది. ఫ్లోరిడాలో చార్లెస్ బ్రోలీ రిటైరైన బ్యాంకు ఉద్యోగి. ముసలితనంలో చెట్లెక్కి వెయ్యికి పైగా గద్దపిల్లల కాళ్లకు గుర్తుపట్టీలు వేశాడు. గూళ్లలో పిల్లలు పుట్టడం లేదని ముందుగా గమనించినవాళ్లలో ఆయనొకడు. వీళ్లందరి మాటా విడివిడిగా ఎవరూ వినలేదు.

ఆమె చెబితే ఎందుకు విన్నారు? అప్పటికి పదేళ్లుగా ఆమె ఆ పాఠకుల ఇంటి మనిషి. 1951లో వచ్చిన ‘ది సీ అరౌండ్ అజ్’ న్యూయార్క్ టైమ్స్ జాబితాలో 86 వారాలు నిలిచింది. సముద్రం మీద ప్రేమ పుట్టించిన గొంతు ఇప్పుడు విషం అంటోంది, కాబట్టి చెవి ఒగ్గారు. డీడీటీ మీద రాస్తానని ఆమె 1945లోనే ఒక పత్రికను అడిగారు, వాళ్లు వద్దన్నారు. అప్పుడే రాసి ఉంటే ఎవరు పట్టించుకునేవారు? రాసేవాళ్లకు ఇందులో పాఠం ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. భయపెట్టడానికి ముందు ఆమె పదిహేనేళ్లకు పైగా ప్రేమించడం నేర్పారు.


చిట్టడవి
ఆదివారం, ఉదయం 11.00

గద్దల గూళ్లలో పిల్లలు ఎందుకు పుట్టలేదు? అదీ వానపాముల లాంటిదేనా?


రసాయనం
ఆదివారం, ఉదయం 11.45

దారి అదే, ఫలితం వేరు. గద్ద చనిపోలేదు. డీడీటీ శరీరంలో డీడీఈ అనే పదార్థంగా మారి, గుడ్డు పెంకుకు సున్నం చేరడాన్ని అడ్డుకుంది. పెంకు పలచబడి, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోయేది. ఇది కార్సన్ బతికుండగా తెలియలేదు. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ పాత గుడ్ల సేకరణల్లో పెంకుల బరువును, మందం తీరును పోల్చి చూసి 1967లో ప్రకటించాడు. గూళ్లు ఖాళీగా ఉన్నాయని ఆమె చూపారు, కారణం ఆమె పోయిన మూడేళ్లకు దొరికింది. అలాస్కా, హవాయి కాక మిగిలిన అమెరికాలో 1963లో బోడితల గద్ద జంటలు 417 మిగిలాయి. 2007లో ఆ గద్దను అంతరించే ముప్పున్న జాబితా నుంచే తీసేశారు.


అలెఘెనీగట్టు
ఆదివారం, సాయంత్రం 4.30

ఆమె ఏ స్థితిలో రాశారో కూడా ఇక్కడ ఉండాలి. 1957లో మేనకోడలు చనిపోతే ఆమె ఐదేళ్ల కొడుకును పెంచుకున్నారు. 1958 చివర్లో తల్లి పోయింది. కూతురు రాసిన పేజీలను బిగ్గరగా చదివి వినిపించిన తల్లి ఆమె. 1960లో రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స. రేడియేషన్, కీళ్లనొప్పులు, కొన్ని వారాలపాటు కంటిచూపు దెబ్బతినడం. ఈ మధ్యలోనే పదిహేడు అధ్యాయాలు.

తన జబ్బు సంగతి బయటకు రానివ్వలేదు. క్యాన్సర్ గురించి రాసిన మనిషికి క్యాన్సర్ అని తెలిస్తే, సొంత బాధతో రాసిందని పుస్తకాన్నే కొట్టిపారేస్తారని ఆమెకు తెలుసు. అప్పటికే రసాయన పరిశ్రమ విరుచుకుపడుతోంది. ఒక కంపెనీ ప్రచురణకర్తలను దావా వేస్తామని బెదిరించింది. రసాయనశాస్త్రవేత్తల పత్రికలో ఒక సమీక్షకు ‘సైలెన్స్, మిస్ కార్సన్’ అని శీర్షిక పెట్టారు. మాట్లాడకు అని, పెళ్లికాని ఆడదానివని గుర్తుచేస్తూ. 1963 ఏప్రిల్‌లో సీబీఎస్ టీవీ కార్యక్రమంలో, ఈమె మాట వింటే చీకటియుగాలకు పోతామని తెల్లకోటు వేసుకున్న కంపెనీ శాస్త్రవేత్త గద్దించాడు. ఆమె కుర్చీలో కూర్చుని మెల్లగా, ఒక్కొక్క వాక్యం తూచి చెప్పారు. తలకు విగ్గు ఉంది, నిలబడే ఓపిక లేదు. చూసినవాళ్లకు అది తెలియదు. ఆ కార్యక్రమాన్ని ఇప్పటికి నాలుగుసార్లు చూశాను, ప్రతిసారీ ఆమె చేతులనే చూస్తాను. కదలవు. ఏడాది తిరిగేసరికి ఆమె లేరు, 56 ఏళ్లకే.


పత్తిచేను
ఆదివారం, రాత్రి 9.10

ఇది నాకు తెలియదు. మా ఇంట్లో చదివి వినిపించాను. మా అమ్మ విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘ఆ పిల్లవాడిని ఎవరు పెంచారు?’ అని అడిగింది.


అలెఘెనీగట్టు
ఆదివారం, రాత్రి 10.00

ఆమె పుస్తకాల సంపాదకుడు పాల్ బ్రూక్స్ కుటుంబం పెంచిందని అమ్మగారికి చెప్పండి.


పాతపిచికారి
సోమవారం, ఉదయం 7.15

రెండు రోజులుగా అందరి మాటలూ చదివాను. రసాయనం గారు చెప్పిన 1976 అంకె నాకు తెలిసిందే. నా మొదటి మాటలో అది రాయకుండా వదిలేశాను. నిషేధం గురించి నేను చదివింది తప్పని ఒప్పుకుంటున్నాను. డీడీటీ మా ఊళ్లను కాపాడిందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను, మీరెవరూ తీసుకోమని అడగలేదు కూడా.

నిరోధకత అనే మాట చదివాక ఒక పాత సంగతి గుర్తొచ్చి రాత్రి నిద్రపట్టలేదు. మొదటి రోజుల్లో డీడీటీ కొడితే దోమలతోపాటు ఇంట్లో నల్లులు కూడా చచ్చేవని, మాకంటే ముందు పనిచేసినవాళ్లను జనం మంచం వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవారని పెద్దలు చెప్పేవారు. నేను చేరేనాటికి అలా లేదు. కొట్టాక నల్లులు చావకపోగా గోడల్లోంచి బయటికి వచ్చి రాత్రంతా కుట్టేవని ఆడవాళ్లు గొడవపడేవారు. వాసన, మరకలు, కోళ్లు పోతున్నాయని ఇంకొందరు. మమ్మల్ని గడప దాటనిచ్చేవారు కాదు. మేం వెళ్లగానే గోడలు పేడతో అలికేసేవారు. వాళ్లకు తెలివి లేదని మేం అనుకునేవాళ్లం. పై అధికారులకూ అలాగే చెప్పేవాళ్లం.

మందు పనిచేయడం లేదని నల్లుల ద్వారా మాకు ముందే చెప్పింది ఆ ఆడవాళ్లే. మా రిజిస్టరులో అలాంటి ఇళ్లకు రెండే గడులు ఉండేవి. ఒకటి ‘తాళం వేసి ఉంది’, రెండోది ‘నిరాకరించారు’. ఎందుకు నిరాకరించారో రాయడానికి గడి లేదు.

వానకోవెల గారూ, ఆ పుస్తకం నాకు పంపగలరా? కంటిచూపు తగ్గింది, మనవరాలి చేత చదివించుకుంటాను. పదహారో అధ్యాయంతో మొదలుపెడతాను.